గింజను కాచిన కోట

గండికోటకు వచ్చినవాళ్లు ముందుగా లోయ అంచుకే పరుగెడతారు. పరుగెత్తాల్సిందే. ఎర్రమల కొండలను నిలువునా కోసుకుని పెన్న పారే చోటు అది. ఎర్రటి బండలు పలకలు పలకలుగా పేర్చినట్టు నిలబడి ఉంటాయి. వందల అడుగుల కింద నీళ్లు మెలికలు తిరుగుతాయి. ఎంత మాటకారి అయినా అక్కడ కాసేపు నోరు మెదపడు. ఆ అందాన్ని తనివితీరా చూసుకున్నాక ఒక్క పని చేయండి. నదికి వీపు పెట్టి కోట నడిమికి నడిచి రండి. జామియా మసీదు మినార్లను గుర్తు పెట్టుకుంటే దారి తప్పరు. ఆ మసీదుకు దగ్గర్లోనే ఎత్తయిన గోడలతో, కమాను పైకప్పుతో పొడవాటి కట్టడం ఒకటి ఉంది. గోపురం లేదు, మినారు లేదు, చెప్పుకోదగ్గ శిల్పం లేదు. అది ధాన్యాగారం.

సీమలో మనుషులు కట్టినవాటిలో నన్ను ఇంతగా నిలవేసిన కట్టడం మరొకటి లేదు.

మన కోటల గురించి చెప్పేటప్పుడు బురుజులు చెబుతాం, ఫిరంగులు చెబుతాం, రాణివాసాలు చెబుతాం. ముట్టడి పడినప్పుడు కోటను నిలబెట్టేది గింజ. ఐదు మైళ్ల చుట్టుగోడ ఎంత ఎత్తుగా ఉన్నా, లోపల కుంపటి రాజుకోకపోతే తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి. ఈ సంగతి గండికోట కట్టినవాళ్లకు బాగా తెలుసు. అందుకే కోట నడిబొడ్డున, గుడికీ మసీదుకూ సమానంగా, గింజకు ఇంత పెద్ద ఇల్లు కట్టారు. లోపలికి అడుగు పెట్టగానే బయటి ఎండ తెగిపోతుంది. వేసవి మధ్యాహ్నం ఒళ్లు కాలిపోతున్నప్పుడు ఆ గోడల మధ్య నిలబడి చూడండి. రాయి, సున్నం కలిసి ఎంత చల్లదనాన్ని దాచగలవో అర్థమవుతుంది. ఆ చల్లదనం మనుషుల సుఖం కోసం కాదు, గింజ కోసం. ఎండా వానా మారుతున్నా లోపలి వేడి పెద్దగా మారకపోవడం, వెలుతురు తక్కువగా రావడం, తేమ గోడ దాటకపోవడం, ఈ మూడూ కుదిరితే గింజ ముక్కిపోదు, పురుగు పట్టదు.

తల ఎత్తి పైకప్పు చూడండి. దూలాలు లేవు. ఎండిన సీమలో పెద్ద మాను దొరకడమే కష్టం. దొరికినా దానికి చెద శత్రువు, నిప్పు అంతకంటే పెద్ద శత్రువు. గింజ ఉన్న ఇంటికి నిప్పంటుకుంటే ఊరు మొత్తం బతికుండగానే చచ్చినట్టే. అందుకని కర్రను పక్కన పెట్టి, కమాను మీద ఆధారపడ్డారు. కమానులో ప్రతి రాయీ పక్క రాయి మీద ఒరిగి నిలుస్తుంది. పై బరువు నిలువుగా కిందికి దిగకుండా పక్కలకు జారి గోడల్లోకి ఇంకుతుంది. ఆ తోపుడును తట్టుకోవడానికే గోడలకు అంత మందం. చూడటానికి మొద్దుగా కనిపించే ఆ గోడల వెనక ఎంత నాజూకైన లెక్క ఉందో ఆలోచిస్తే, కట్టిన మేస్త్రీల చేతులు పట్టుకుని కళ్లకద్దుకోవాలనిపిస్తుంది. వాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ లేవు.

రాజుల పేర్లకేం, ఉన్నాయి. 1123 ప్రాంతంలో ఇక్కడ మొదటి కోట వెలిసిందని స్థానిక చరిత్ర చెబుతుంది. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకుల చేతికి వచ్చి తరతరాలు వాళ్ల ఏలుబడిలో ఉంది. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. తర్వాత ఇంకెందరో. ఏలినవాళ్లు మారుతూ వచ్చారు. తినేవాళ్లు మాత్రం ప్రతి పూటా ఉన్నారు.

ప్రపంచంలో ఆరుబయలు మ్యూజియాలు అని కొన్ని ఉన్నాయి. 1891లో స్టాక్‌హోమ్ నగరంలో ఆర్తూర్ హజేలియస్ అనే ఆయన స్కాన్సెన్ అనే చోట అలాంటిది ఒకటి మొదలుపెట్టాడు. స్వీడన్ పల్లెల్లో కూలిపోతున్న పాత ఇళ్లను, గాలిమరలను విప్పదీసి, మోసుకొచ్చి, మళ్లీ నిలబెట్టి చూపించాడు. అది గొప్ప పని. తర్వాత ఎన్నో దేశాలు ఆ బాట పట్టాయి. హాలండ్‌లో కిండర్‌డైక్ అనే ఊరి దగ్గర, ఎక్కువ భాగం 1740 ప్రాంతంలో కట్టిన గాలిమరలు 19 ఇంకా వరుసగా నిలబడి ఉన్నాయి. 1997లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. పచ్చిక మీద నడుస్తూ, రెక్కలు తిరుగుతుంటే చూస్తూ, పాతకాలపు రైతు బతుకును కళ్లారా తెలుసుకోవచ్చు. గండికోటకు ఆరుబయలు మ్యూజియం అన్న పేరు ఎవరూ పెట్టలేదు గానీ, నా కంటికి ఇది కూడా అలాంటిదే. ఇక్కడ ఏదీ మోసుకొచ్చి పెట్టింది కాదు. ధాన్యాగారం, చెరువు, కోనేరు, తోట, పావురాల గోపురం, చెరసాల, గుడి, మసీదు అన్నీ ఎక్కడ పనిచేశాయో అక్కడే ఉన్నాయి. ఒకదాని నుంచి మరొకదానికి నడిచిన దూరం ఆనాటి మనిషి నడిచిన దూరమే. నీళ్ల బిందె మోసినవాళ్లు, గింజ మూట మోసినవాళ్లు ఈ రాళ్ల మీదే నడిచారు.

హాలండ్ గాలిమరల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. కిండర్‌డైక్ మరలు పిండి విసరవు. అవి నీళ్లు తోడేయడానికి కట్టినవి. ఆ నేల పల్లం. నీళ్లు ఊరి మీదకు వచ్చేస్తాయి. గాలి బలంతో ఆ నీటిని పైకెత్తి నది వైపు తరిమేయాలి. అక్కడి జనం వందల ఏళ్లు నీటిని బయటికి నెట్టడానికి తమ తెలివంతా పెట్టారు. ఇక్కడ మన జనం అదే కాలంలో, అంతే తెలివితో, ఒక్క చుక్క కూడా జారిపోకుండా పట్టుకోవడానికి తపించారు. గండికోట ఉన్న కడప జిల్లాలో ఏడాదికి కురిసే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అదీ కురిస్తేనే. నాలుగు రోజుల్లో కుమ్మరించి నెలల తరబడి ముఖం చాటేసే వాన ఇది. అందుకే గండికోట కొండ మీద రాయల చెరువు ఉంది. దాని నీళ్లు గొట్టాల గుండా పారేబాగ్ తోటకు పారేవని చెబుతారు. కత్తుల కోనేరు ఉంది. యుద్ధం ముగిశాక కత్తులు అందులో కడిగేవాళ్లని జనం నోట ఒక కథ ఉంది. కత్తుల సంగతి ఎలా ఉన్నా, ఆ మెట్లు దిగి నీళ్లు ముంచుకున్న ఆడవాళ్ల పాదాలను తలుచుకుంటే నాకు ఇంకా గొప్పగా అనిపిస్తుంది.

నీటిని పట్టే విద్యలో ఈ జిల్లాది చిన్న పేరు కాదు. పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు అక్కడ చెరువు తవ్వించి దాన్ని వేయించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. అంతటితో ఆగకుండా మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు ఆ రాతి మీద చెక్కించాడు. ధర్మం తెలిసిన రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, తీపి నీళ్ల ఏరు, దగ్గర్లో మంచి రాతి గని, పని తెలిసిన మనుషులు, ఇవన్నీ ఉండాలంటుంది. దోషాల్లో కట్ట కారడం ఉంది, చౌడు నేల ఉంది, చెరువు నడుమ మిట్ట ఉండటం ఉంది. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం కూడా ఒక దోషమే! నీటి కోసం జరిగిన తగాదాలు ఎన్ని చూసి ఉంటే ఆ మాట రాతికెక్కి ఉంటుంది? ఆరున్నర వందల ఏళ్ల నాటి ఆ జ్ఞానం ఇవాళ్టి ఏ నీటి పంచాయితీలోనైనా ముందు చదివి వినిపించదగింది.

ఇక గాలి. రాయలసీమకు నైరుతి రుతుపవనం మబ్బులు తెచ్చినంతగా వాన తేదు. పడమటి కనుమల అవతలే తడి చాలావరకు రాల్చేసి, ఇటువైపు ఉత్త గాలిగా దిగుతుంది. ఆషాఢంలో గండికోట బురుజు మీద నిలబడితే పంచె నిలవదు, మాట నిలవదు. పక్కన ఉన్న మనిషితో అరిచి మాట్లాడాలి. ఆకాశం నిండా మబ్బులు ఉరుకుతుంటాయి. ఒక్కటీ ఆగదు. ఆ మబ్బుల వంక తలెత్తి చూసిన రైతు కళ్లు ఈ నేల మీద ఎన్ని తరాలుగా ఉన్నాయో!

ఇరాన్‌లో, ఖొరాసాన్ ప్రాంతంలోని నష్తిఫాన్ అనే ఊళ్లో, మట్టితో, కర్రతో కట్టిన పాత గాలిమరలు ఉన్నాయి. హాలండ్ మరల్లా ముఖం తిప్పి ఉండవు. నిట్టనిలువు ఇరుసు చుట్టూ చెక్క రెక్కలు గుమ్మంలోని తలుపుల్లా తిరుగుతాయి. కింద తిరగలి రాయి తిరుగుతుంది. అదీ ఎండిన నేలే, అక్కడా గాలి ఒళ్లు తెలియకుండా వీస్తుంది. గండికోటను పట్టుకున్న మీర్ జుమ్లా పుట్టింది ఆ దేశంలోనే, ఇస్ఫహాన్ ప్రాంతపు అర్దెస్తాన్‌లో, ఒక నూనె వ్యాపారి ఇంట. ఈ కొండ మీద గాలి ముఖానికి కొట్టినప్పుడు ఆయనకు తన దేశపు మరలు గుర్తొచ్చాయో లేదో! మన గాలికి మాత్రం తిరగలి తిప్పే పని ఎవరూ పెట్టలేదు. దానికి వేరే పని పెట్టారు.

కల్లంలో గుండు తోలడం అయిపోయాక, నలిగిన కంకుల్లో గింజా పొట్టూ కలిసి పడి ఉంటాయి. అప్పుడు గాలి కోసం కాచుకుంటారు. పొద్దున కొంచెం కదిలి ఆగిపోతుంది. మధ్యాహ్నం ఆకు మెదలదు. సాయంత్రం ఏ వైపు నుంచో మెల్లగా మొదలవుతుంది. ‘గాలొచ్చింది లేయండ్రా’ అని ఒక కేక. మనిషి ముక్కాలిపీట ఎక్కి, చేటను భుజం ఎత్తుకు లేపి, గాలికి అడ్డంగా ఆడిస్తూ కొంచెం కొంచెంగా జార్చుతాడు. బరువున్న గింజ నిట్టనిలువుగా కాళ్ల దగ్గర పడుతుంది. తాలు కొంచెం దూరంగా, పొట్టు ఇంకా దూరంగా పడతాయి. కంటికి ఆనని ధూళి పొరుగు పొలానికి పోతుంది. ఏ యంత్రమూ లేకుండా గాలి ఒక్కటే బరువును బట్టి నాలుగు కుప్పలు చేస్తుంది. చేట ఎంత ఎత్తున పట్టాలి, ఎంత వేగంగా జార్చాలి, గాలి హెచ్చితే ఎలా కిందికి దించాలి, ఇదంతా చేతికి తెలిసిన లెక్క. తూర్పార పట్టే మనిషిని చూస్తే ఆ గాలి అతని పాలేరులా, అతని చెప్పుచేతల్లో ఉన్నట్టు కనిపిస్తుంది. గండికోట ధాన్యాగారంలోకి చేరిన ప్రతి గింజా అలా ఏదో ఒక కల్లంలో, ఏదో ఒక చేట అంచు నుంచి గాలిలోకి దూకి వచ్చిందే. పొట్టు, దుమ్ము, పొల్లు కలిసిన గింజ నిలవ ఉండదు. కోటను ముందు కాపాడింది గాలి.

ధాన్యాగారం రాజు సొత్తు. ఊరి రైతుకు పాతర ఉండేది. ఊళ్లో మెరక మీద, నీరు నిలవని గట్టి నేల చూసి గుంత తవ్వేవాళ్లు. మూతి ఇరుకు, లోపల వెడల్పు. అడుగున, పక్కలకు గడ్డి, చొప్ప పరిచి, జొన్నలు పోసి, పైన బండ మూసి, మట్టి మెత్తేవాళ్లు. గాలి ఆడకపోతే పురుగు బతకదు. లోపల ఉన్న కాస్త గాలినీ గింజే పీల్చేసుకుని, తనను తాను కాపాడుకుంటుంది. అందుకే పాతర తెరవడం ప్రాణాలతో పని. బండ తీసి చాలాసేపు వదిలేస్తారు. తర్వాత తాడు కట్టి దీపం దింపుతారు. దీపం కొండెక్కితే ఎవరూ దిగరు. వెలుగుతూ ఉంటేనే మనిషి దిగుతాడు. పుస్తకం పట్టని మనుషులు ప్రాణవాయువును దీపంతో కొలిచిన తీరు అది. పాతర జొన్నలకు ఒక పులిసిన వాసన ఉండేది. ఆ వాసన తగిలిన సంగటి తినడం అలవాటైన పెద్దలకు కొత్త జొన్నల సంగటి సప్పగా ఉండేదట. ధాన్యాగారం పైకి లేచిన కమాను, పాతర కిందికి దిగిన గుంత. రెండింటిలోనూ ఉన్నది ఒకటే ఆలోచన, వచ్చే ఏడు వాన వస్తుందో రాదో తెలియదు కాబట్టి ఈ ఏటి గింజకు ఇల్లు కట్టాలి అని.

1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ గండికోటకు వచ్చాడు. మీర్ జుమ్లాకు రత్నాలు చూపించడం ఆయన పని. వచ్చినవాడు దారి గురించి, లోయ గురించి, కింద పారే పెద్ద నది గురించి రాసుకున్నాడు. ఆయన రాతల్లో నాకు అన్నిటికంటే విలువైనది మరొకటి. కొండ ఎక్కాక పైన ఒక చిన్న మైదానం ఉందని, అందులో వరి, చిరుధాన్యాలు పండుతున్నాయని, చిన్న చిన్న ఊటలు ఆ పొలాలను తడుపుతున్నాయని రాశాడు. కోట లోపల పొలం! రత్నాలు చూపించడానికి వచ్చిన కళ్లకు కూడా ఆ పైరు కనిపించింది. కొండ కొమ్మున, శత్రువు అందుకోలేని ఎత్తున, ఊట నీళ్లతో వరి పచ్చగా ఊగుతుంటే చూసిన మనిషి ఆయన. ఆ పొలానికీ ఈ ధాన్యాగారానికీ ఎద్దులబండి నడిచిన దారి ఎక్కడో ఈ ముళ్లకంపల కింద ఉండే ఉంటుంది.

మీర్ జుమ్లాను చూసిన తీరు కూడా ఆయన రాశాడు. సేనాని డేరాలో కూర్చుని, కాలి వేళ్ల మధ్య కొన్ని, ఎడమ చేతి వేళ్ల మధ్య కొన్ని ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కొక్కటే లాగి జవాబులు చెబుతుంటే ముందున్న లేఖరులు రాసుకుంటున్నారట. అదే కాలంలో మాయే అనే ఫ్రెంచివాడు ఇక్కడ ఫిరంగులు పోత పోయడానికి పూనుకున్నాడు. గుళ్ల నుంచి లోహపు విగ్రహాలు తెప్పించి కరిగించమన్నారు. గండికోట గుడిలోని కొన్ని విగ్రహాలు ఎంత మంట పెట్టినా కరగలేదని, చివరికి ఆ పని ఫలించలేదని టావెర్నియర్ రాశాడు. కొలిమి వేడి చాలలేదో, మరేదో. ఆ కొలిమి ఎక్కడ ఉండేదో చూపించేవాళ్లు ఇప్పుడు లేరు. చావును పోత పోయాలనుకున్న చోటు చెరిగిపోయింది. గింజకు కట్టిన చోటు గట్టిగా ఉంది. ఈ ఒక్క సంగతి తలుచుకుంటే చాలు, గండికోట మీద నాకున్న ప్రేమ రెట్టింపవుతుంది.

మాధవరాయస్వామి గుడి గోపురం గురించి, మసీదు చుట్టూ ఉన్న గదుల వరుస గురించి ఎందరో రాశారు. నేను రెండు మాటలతో సరిపెడతాను. పొద్దుటి ఎండ గోపురం మీద పడ్డప్పుడు, సాయంత్రపు ఎండ మినార్ల మీద పడ్డప్పుడు, ఆ రెండూ ఒకే కొండ రాయి రంగులోకి మారిపోతాయి. పావురాల గోపురానికి జాలీ కిటికీలు ఎంత ముచ్చటగా చెక్కారో! పక్షి కూర్చునే చోటుకు అంత పనితనం పెట్టిన మనుషుల మనసు విశాలమైనది.

రాయి మాట వచ్చింది కాబట్టి. కోట గోడల్లో ఉన్న రాయి, లోయలో పలకలుగా కనిపించే రాయి ఒకటే. భూగర్భ శాస్త్రవేత్తలు దానికి ఈ ఊరి పేరే పెట్టారు, గండికోట క్వార్ట్‌జైట్ అని. ఎన్నో పదుల కోట్ల ఏళ్ల వయసు దానిది. అప్పటికి ఈ భూమి మీద చెట్టు లేదు, గడ్డి లేదు, గింజ అన్నది లేదు. నీళ్ల అడుగున ఇసుక పొరలు పొరలుగా పేరుకుని, పై పొరల బరువుకు బిగిసి, లోపలి వేడికి గట్టిపడి రాయిగా మారింది. ఆ పొరలే ఇప్పుడు లోయ గోడల్లో గీతలుగా కనిపిస్తాయి. నీళ్లలో పుట్టిన ఇసుక, ఎండిన సీమలో గింజను కాచే గోడ అయింది. ఎంత ఆలోచించినా ఈ ఆశ్చర్యం నాకు తీరదు.

ధాన్యాగారం ఖాళీ అయిన కాలం గురించి కూడా చెప్పుకోవాలి. 1876లో మొదలై 1878 దాకా సాగిన ధాత కరువు కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలను ఊడ్చేసింది. అప్పటికి మద్రాసు నుంచి రాయచూరుకు పోయే రైలు దారి కడప మీదుగా పడి ఐదేళ్లయింది. గింజ ధర పలికే చోటికి పోయింది. మనుషులు గింజ దొరికే చోటికి నడిచారు, దారిలో పడిపోయారు. గండికోట ఈ సీమకు నేర్పిన విద్య, దాచుకునే విద్య, రాజులతో పాటే పోయినట్టుంది. మళ్లీ దాన్ని నేర్చుకోవడానికి చాలా కాలం పట్టింది. ఇప్పుడు గండికోట పేరుతోనే పెన్న మీద జలాశయం ఉంది. 26.85 టీఎంసీల నీళ్లు పట్టే జలాశయం. గాలేరు-నగరి పథకంలో భాగంగా కృష్ణా నీళ్లు ఇక్కడిదాకా వస్తున్నాయి. ఆ నీటికి చోటివ్వడానికి తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు 2020లో లేచి వెళ్లిపోయాయి. జలాశయం నిండుగా ఉన్నప్పుడు దాన్ని చూసి చేతులు జోడించేవాళ్లు ఆ ఊళ్లకు కూడా జోడించాలి.

గాలికి కూడా ఇప్పుడు కొత్త పని దొరికింది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో రామగిరి, కడవకల్లు కొండల మీద 1990లలో గాలిమరలు లేచాయి. ఇప్పటి భారీ మరల పక్కన అవి పొట్టివి, చిన్న రెక్కలవి. ఆ రోజుల్లో వాటిని చూడటానికి పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. నాకు వాటి మీద గొప్ప అభిమానం. మన గాలికి విలువ ఉందని మొదట నమ్మినవి అవి. వాటి కాలం తీరిన రోజున తుక్కు కింద అమ్మేయకుండా, ఒక్క కొండ మీదైనా వరుసగా నిలబెట్టి ఉంచితే బాగుంటుంది. పిల్లలను తీసుకుపోయి చూపించవచ్చు. వాటి తర్వాత కర్నూలు, కడప, అనంతపురం మెట్టల మీద మరలు అడవిలా పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో గాలి కరెంటు సామర్థ్యం 4,000 మెగావాట్లు దాటింది. అందులో చాలా భాగం ఈ మూడు ఎండు జిల్లాలదే. వానను ఇవ్వకుండా పోయే ఆ ఆషాఢం గాలి, తూర్పార పట్టే చేట లేని కాలంలో, మళ్లీ మన పనిలోకి వచ్చింది.

అయితే గాలి కరెంటుకు గింజకున్న కష్టమే ఉంది. వచ్చినప్పుడు కుప్పలుగా వస్తుంది, కావాల్సినప్పుడు ఉండదు. దాచాలి. నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర ఈ దాచే పని పెద్ద ఎత్తున పెట్టుకున్నారు. ఎండ, గాలి ఇచ్చే కరెంటు మిగిలినప్పుడు దానితో కింది జలాశయం నీళ్లను గుట్ట మీది జలాశయంలోకి ఎత్తుతారు. కరెంటు అవసరమైన వేళ అవే నీళ్లను కిందికి వదిలి మరలు తిప్పుతారు. 1,680 మెగావాట్ల ఏర్పాటు అది. నీళ్లు పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటాయి, కొత్త నీళ్లు పెద్దగా అక్కర్లేదు. హాలండ్ వాళ్లు నీళ్లు తరిమేయడానికి వాడిన గాలిని మనవాళ్లు నీళ్లను గుట్టెక్కించడానికి వాడుతున్నారు. నాకు ఆ గుట్ట మీది జలాశయం కట్టను తలుచుకుంటే గండికోట ధాన్యాగారం గోడే కళ్ల ముందు నిలుస్తుంది. మిగిలిన నాడు ఎత్తి పెట్టు, లేని నాడు దించుకో. ఐదారు వందల ఏళ్లుగా ఈ కొండల మనుషులు చేస్తున్నది ఇదే.

ధాన్యాగారంలోకి చాలామంది ఫొటో దిగడానికి వస్తారు. నేను లోపల ఉన్న ఒక రోజు జమ్మలమడుగు వైపు నుంచి ఒక రైతు కుటుంబం వచ్చింది. పెద్దాయన రాగానే తలగుడ్డ తీసి చంకన పెట్టుకుని, మడమకు వేలు ఆనిస్తూ అడుగులో అడుగు వేసుకుంటూ గోడ పొడవునా కొలవడం మొదలుపెట్టాడు. వెనకే మనవడు.

“ఏం కొలుచ్చాండావు జేజినాయనా?”

“ఉండ్రా అబ్బీ, లెక్క తప్పుతాది.”

పొడవు అయింది. వెడల్పు అయింది. తలెత్తి కమాను మొదలయ్యే చోటు దాకా ఎత్తును కంటితో కొలిచాడు. వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు.

“దీంట్లో ఎన్ని పుట్లు పడతాది?”

“నిండా పోస్తే ఒక లెక్క. నిండా పోయకూడదు. కమాను మొదలు దాకా పోసి ఆపాల. పైన ఖాళీ వదలాల. లేకుంటే గింజ ఉక్కకు వేడెక్కి ముక్కిపోతాది.”

“పుట్టి అంటే ఎంత?”

“ఇరవై తూములు. మీ ఇస్కూల్లో చెప్పలేదా?”

పిల్లవాడు తల అడ్డంగా ఊపాడు. పెద్దాయన తూము ఎంతో, కుంచం ఎంతో చేతులతో గాలిలో చూపించడం మొదలుపెట్టాడు. తూముకు నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు. ఆ చేతుల మధ్య లేని గింజ ఉన్నట్టే అనిపించింది. గోడకు చేరగిలబడి కూర్చున్న ముసలామె ఇదంతా వింటూ ఉంది.

“లెక్క సరేలే,” అంది చివరికి. “ఇంత గింజ తూర్పార పట్టినోళ్లు ఎంతమందో, వాళ్లకు ఎన్ని దినాలు గాలి దొరికిందో, అది చెప్పు ముందు.”

పెద్దాయన వేళ్లు విప్పి మళ్లీ మొదటి నుంచి లెక్క పెట్టుకోసాగాడు.